దాణా గది దగ్గర పిల్లి ఏమంటోంది?

తోకతో, చెవులతో, వాసనతో అది ముందే చెబుతుంది - మనమే వినం

మియాపూర్: "పిల్లి శాపాలకు ఉట్లు తెగవు" అన్నారు పెద్దలు. ఆ మాట నిజమే. అయితే పిల్లి ముందుగా ఇచ్చే హెచ్చరికను మనం పట్టించుకోకపోతే మాత్రం చేయి చీరుకుపోతుంది, దాణా సంచి పాడవుతుంది, ఆఖరికి ఆ పిల్లి ప్రాణం మీదికే వస్తుంది. మియాపూర్‌లో ఒక పాడి రైతు కొట్టంలో సరిగ్గా ఇదే జరిగింది. పాడి పశువులున్న ఇంట్లో, ధాన్యం నిల్వ ఉన్న ఇంట్లో పిల్లి ఉండనే ఉంటుంది గనుక ఈ సంగతి మీకూ పనికొస్తుంది.

పగబట్టిందా?

మియాపూర్ అంటే ఇప్పుడు అందరికీ మెట్రో రైలే గుర్తొస్తుంది. 2017 నవంబరులో రైలు మొదలయ్యాక ఖాళీ జాగా కనబడటమే కష్టమైంది. అయినా అపార్టుమెంట్ల వెనకాల అక్కడక్కడా బర్రెల కొట్టాలు ఇంకా ఉన్నాయి. అలాంటి ఒక కొట్టంలో ఎనిమిది బర్రెలు, ఒక దున్నపోతు, రేకుల దాణా గది, అందులో నాలుగేళ్ళ నుంచి ఒక గండు పిల్లి ఉన్నాయి. తవుడు, పత్తిచెక్క, మక్కల పిండి ఉన్నచోట ఎలుకలు ఉండక మానవు. ఆ ఎలుకల కోసమే పిల్లిని ఉండనిచ్చారు.

నాలుగేళ్ళు బుద్ధిగా ఉన్న పిల్లి ఉన్నట్టుండి దాణా సంచుల మీద, గది తలుపు మీద మూత్రం చిమ్మడం మొదలుపెట్టింది. వాసనకు బర్రెలు దాణా ముట్టడం తగ్గించాయి. ఫినాయిల్ పోసి కడిగితే మర్నాడు అదేచోట ఇంకా ఎక్కువగా చిమ్మింది. ఈలోగా రైతు మనవరాలు దాని పొట్ట నిమరబోతే కరిచింది. పాపకు సూదులు వేయించాల్సి వచ్చింది.

"ఇగ సూడుండ్రి సారూ, తిండి పెట్టినోళ్ళ మీదనే పగవట్టింది. గోనెసంచిల ఏసి పటాన్‌చెరు అవతల ఇడిసి రమ్మని మా పిల్లగానికి జెప్పిన" అన్నాడా పెద్దాయన. బర్రెకు చూడి పరీక్ష చేయడానికి వచ్చిన పశువైద్యుడు ఆ సంచీ కట్టు విప్పించాడు. "పిల్లి మీకు నెల రోజుల నుంచి చెప్తనే ఉంది పెద్దయ్యా, మీరే ఇంటలేరు" అన్నాడట.

మరి పిల్లి చెప్పిందేమిటి? దాని భాష ఏమిటి? ఒక్కొక్కటే చూద్దాం.

ఒంటరి జంతువు, అందుకే వాసన

పిల్లి మన ఇంటికి వచ్చిందే వ్యవసాయం వల్ల. పశ్చిమాసియాలో మనిషి గింజలు పండించి గాదెల్లో పోసిన కాలంలో గాదెకు ఎలుకలు వచ్చాయి, ఎలుకల వెనకాల అడవి పిల్లి వచ్చింది. సైప్రస్ దీవిలో సుమారు 9,500 ఏళ్ళ నాటి సమాధిలో మనిషి పక్కనే పిల్లిని పూడ్చిన ఆనవాలు దొరికినట్టు 2004లో శాస్త్రజ్ఞులు వెల్లడించారు.

ఆ అడవి పిల్లి కుక్కలా గుంపుగా బతికేది కాదు, ఒంటరిగా వేటాడేది. ఎదుటి పిల్లితో కొట్లాడి కాలు విరిగితే తిండి పెట్టే దిక్కు ఉండదు. అందుకని ఎదురుపడకుండానే కబురు చెప్పుకొనే పద్ధతి దానికి అలవడింది. ఆ కబురే వాసన. ఎదురుపడక తప్పనప్పుడు తోక, చెవులు, ఒళ్ళు మాట్లాడతాయి. పంజా, పన్ను ఆఖరి మాట.

ఇక మ్యావ్ మనే అరుపు ఎక్కువగా మనకోసమే. పిల్లకూనలు తల్లిని పిలవడానికి అరుస్తాయి గానీ పెద్ద పిల్లులు ఒకదానితో ఒకటి మ్యావ్ మనుకోవడం తక్కువ. మనిషి దానికే పలుకుతాడని తెలుసుకొని పెద్దయినా ఆ అరుపు మానలేదు.

తోక చూసి తెలుసుకోండి

పిల్లి మీ దగ్గరకు వస్తూ తోకను జెండా కర్రలా నిటారుగా లేపి, చివర కొంచెం వంచి ఉంచిందా? అది పలకరింపు. కూనలు తల్లికి ఎదురెళ్ళేటప్పుడు ఇలాగే తోక లేపుతాయి.

తోకను అటూ ఇటూ టపటప కొడుతుంటే మాత్రం జాగ్రత్త. కుక్క తోకాడిస్తే సంతోషం గనుక పిల్లికీ అదే అనుకొని పొరబడతాం. పిల్లి తోక కొట్టుకుంటోందంటే చిరాకు పడుతోందని. నిమరడం అక్కడితో ఆపాలి.

తోక సీసాలు కడిగే బ్రష్షులా ఉబ్బి, వీపు విల్లులా వంగి, వెంట్రుకలు లేచి నిలబడితే అది భయం. ఉన్న ఒంటిని ఇంకా పెద్దగా చూపించి ఎదుటివాడిని బెదిరించడమన్నమాట. తోక కాళ్ళ కింద దాచుకొని నేలకు అణిగి కూచుంటే తప్పించుకొనే దారి వెతుక్కుంటోందని అర్థం. ఆ దారికి అడ్డంగా నిలబడకండి. గదిలో పెట్టి కొడితే పిల్లయినా తిరగబడుతుందన్నది ఊరికే పుట్టిన సామెత కాదు.

చెవులు, కళ్ళు

చెవులు ముందుకు నిక్కి ఉంటే ఆసక్తిగా చూస్తోంది. పక్కలకు తిరిగితే అనుమానం. వెనక్కి తలకు అంటుకుపోతే చెవులు చిరగకుండా దాచుకొని కొట్లాటకు సిద్ధమైంది. ఈ మూడు మెట్లు గుర్తుంచుకుంటే చాలు, సగం గాయాలు తప్పుతాయి.

కనుపాప ఎండలో గీతలా సన్నబడుతుంది, చీకట్లో గుండ్రంగా విచ్చుకుంటుంది. ఇది మనకు తెలుసు. వెలుతురు బాగా ఉన్నా కనుపాప గుండ్రంగా విచ్చుకుందంటే భయపడుతోంది, లేదా వేట మీద ఉంది. రెప్ప కొట్టకుండా గుచ్చి చూడటం పిల్లి దృష్టిలో కయ్యానికి పిలుపు. మీరు కూడా దానికేసి అలా చూడకూడదు.

కళ్ళు సగం మూసి నెమ్మదిగా రెప్పలాడిస్తే నెమ్మదిగా ఉందని. ఇంగ్లండులో ససెక్స్ విశ్వవిద్యాలయం వారు 2020లో ఇది పరీక్షించి చూశారు. మనిషి పిల్లికేసి చూసి నెమ్మదిగా కళ్ళు మూసి తెరిస్తే పిల్లి కూడా అలాగే రెప్పలాడించిందట, కొత్తవారి దగ్గరకైనా రావడానికి ఇష్టపడిందట. పిల్లి కళ్ళు మూసుకొని పాలు తాగుతుందని వెక్కిరిస్తాం గానీ, కళ్ళు మూసిన పిల్లి మిమ్మల్ని నమ్మిన పిల్లి.

మనం పొరబడేది ఇక్కడే

మియాపూర్ పాప విషయానికి వద్దాం. పిల్లి వెల్లకిలా పడుకొని పొట్ట చూపించింది. పాప నిమరమంటోందనుకుంది. పొట్ట చూపడమంటే "నిన్ను నమ్ముతున్నా" అనడమే తప్ప "ముట్టుకో" అనడం కాదు. పొట్ట దాని మెత్తటి చోటు, అక్కడ చేయి పడగానే నాలుగు కాళ్ళూ, నోరూ ఒకేసారి లేస్తాయి. పాప చేయి వేసింది. తోక నేలకేసి కొట్టింది, చెవులు పక్కకు తిరిగాయి. పాప చేయి తీయలేదు. అప్పుడు కరిచింది. చూసేవారికి ఒక్క క్షణంలో అయిపోయినట్టు కనబడుతుంది గానీ, పిల్లి లెక్కలో రెండుసార్లు చెప్పాకే కరిచింది.

ఇంకొకటి గురగుర. ఒళ్ళో కూచుని గురగురలాడితే సుఖంగా ఉన్నమాట నిజమే. అయితే దెబ్బ తగిలిన పిల్లి, జబ్బు పిల్లి, ఈనుతున్న పిల్లి కూడా గురగురలాడతాయి. తిండి మానేసి ఒక మూల ముడుచుకు కూచుని గురగురలాడుతుంటే హాయిగా ఉందని వదిలేయకండి, డాక్టరుకు చూపించండి.

చెంప రుద్దితే చిరునామా రాసినట్టే

పత్తి చేలో, కంది చేలో లింగాకర్షక బుట్టలు మీరు చూసే ఉంటారు. బుట్టలో ఆడ పురుగు వాసన పోలిన ఎర పెడితే మగ పురుగులు వెతుక్కుంటూ వచ్చి పడతాయి. ఒకే జాతి ప్రాణులు మాట్లాడుకొనే ఇలాంటి వాసనలను ఫెరోమోన్లు అంటారు. పిల్లికీ ఇవి ఉన్నాయి.

దాని చెంపల్లో, గడ్డం కింద, నుదుటి మీద, తోక మొదట్లో, పంజాల మెత్తల మధ్య వాసన గ్రంథులున్నాయి. వచ్చి మీ కాలికి చెంప రాస్తే అది ముద్దు మాత్రమే అనుకోకండి, "వీరు మనవాళ్ళే" అని ముద్ర వేస్తోంది. గుంజకు, తలుపు మూలకు చెంప రాస్తే "ఇక్కడ భయం లేదు" అని తనకు తానే గుర్తు పెట్టుకుంటోంది. పిల్లి రోజూ రాసుకునే గుంజ జిడ్డుపట్టి నల్లగా కనబడుతుంది. ఆ మరకను గీకి కడగకండి.

కొయ్యను, గోనెసంచిని గోళ్ళతో గీరడం కూడా ఇలాంటిదే. పాత గోరు పొర ఊడుతుంది, కంటికి కనబడే గీత పడుతుంది, పంజాల వాసన అంటుకుంటుంది. అందుకే కొట్టినంత మాత్రాన మానదు. పక్కనే ఒక ముతక కొయ్య దుంగ, లేదా గోనె చుట్టిన కర్ర నిలబెడితే సంచుల జోలికి రావడం తగ్గుతుంది.

దున్నపోతు పెదవి మడిచినట్టే

ఎదకు వచ్చిన బర్రె మూత్రం వాసన చూసి దున్నపోతు మెడ పైకెత్తి, పై పెదవి మడిచి, పళ్ళు ఇకిలించి కాసేపు అలాగే నిలబడటం పాడి రైతులందరికీ తెలుసు. నోటి పైభాగంలో వాసనను చదివే ఒక ప్రత్యేక అవయవం ఉంది, గాలిని అక్కడికి చేర్చడమే ఆ పని. దీన్ని జాకబ్సన్ అవయవం అంటారు. పిల్లికీ ఇది ఉంది. ఏదో వాసన చూసి నోరు కొంచెం తెరిచి, వెర్రిదానిలా చూస్తూ నిలబడిపోతే మీ పిల్లి ఎవరో రాసిన ఉత్తరం చదువుతోందన్నమాట.

గండు పిల్లి ఆ ఉత్తరం రాసేది మూత్రంతో. దాని మూత్రంలో ఫెలినిన్ అనే గంధకం గల పదార్థం ఉంటుంది. మూత్రం బయటపడ్డాక గాలికి అది విడిపోతూ ఘాటెక్కుతుంది. ఈ ఫెలినిన్ తయారీకి తోడ్పడే కాక్సిన్ అనే మాంసకృత్తు సంగతిని జపాన్ పరిశోధకులు 2006లో వివరించారు. గండు పిల్లుల్లో ఇది ఎక్కువ, విత్తులు తీసిన వాటిలో బాగా తక్కువ. అందుకే ఆపరేషన్ తర్వాత ఘాటు తగ్గుతుంది.

పులి వాసన, బాస్మతి వాసన

పెద్ద పిల్లి కూడా ఇదే పని చేస్తుంది. నల్లమల అడవిలో పులి చెట్టు బోదెకు వెనక్కి తిరిగి, తోక లేపి చిమ్ముతుంది. మన గండు పిల్లి దాణా గది తలుపు దగ్గర నిలబడేదీ అదే భంగిమలో. కోల్‌కతా శాస్త్రజ్ఞుడు ఆర్.ఎల్. బ్రహ్మచారి 1970లలో ఒడిశాలోని సిమ్లిపాల్ దగ్గర పెంపకంలో ఉన్న ఖైరీ అనే ఆడపులి నుంచి మొదలుపెట్టి ఈ పులి వాసన మీద ఏళ్ళ తరబడి పనిచేశారు. బాస్మతి బియ్యానికి ఆ కమ్మటి వాసన ఇచ్చే పదార్థమే పులి చిమ్మే ద్రవంలోనూ ఉందని ఆయన, సహచరులు 1990లో ప్రకటించారు.

తిరుమలలో శుక్రవారం అభిషేకం తర్వాత స్వామివారికి అద్దే పునుగు తైలం కూడా ఒక జంతువు గుర్తు పెట్టుకొనే వాసనే. పేరులో పిల్లి ఉన్నా పునుగు పిల్లి పిల్లి జాతిది కాదు, దూరపు చుట్టం.

మన పెరట్లోనే ఇంకో వింత ఉంది. కుప్పింటాకు మొక్క - కొన్నిచోట్ల మురిపిండాకు అంటారు - వేరుతో పెకలించి పడేసి చూడండి. పిల్లి వచ్చి ఆ వేరు వాసన చూస్తూ, నములుతూ, దానిమీద దొర్లుతుంది. పై దేశాల్లో పిల్లులకు మత్తెక్కించే క్యాట్‌నిప్ అనే మొక్క ఉంది. అందులోని పదార్థాన్ని పోలినవే ఈ వేరులోనూ ఉన్నాయి.

ఎలుకకూ ఆ వాసన తెలుసు

పిల్లి పట్టే ఎలుకలు మనం అనుకున్నంత ఎక్కువ కాదు. అమెరికాలో న్యూయార్క్ నగరంలోని ఒక చెత్త కేంద్రంలో కెమెరాలు పెట్టి చూసి 2018లో చెప్పిందేమంటే, పిల్లులు చంపిన పెద్ద ఎలుకలు బహు స్వల్పం. అయితే పిల్లులు తిరిగిన రోజు ఎలుకలు బయటికి రావడం తగ్గింది. అంటే పిల్లి ఉనికి, దాని వాసనే సగం కాపలా. ఎలుకలను అదుపులో పెట్టడానికి సంచుల కింద చెక్కలు, బొరియలకు సిమెంటు, మూతలున్న డ్రమ్ములు తప్పవు. పిల్లి వాటికి తోడు మాత్రమే.

ఒక చిక్కు కూడా ఉంది. టాక్సోప్లాస్మా అనే సూక్ష్మజీవి పట్టిన ఎలుకకు పిల్లి వాసన అంటే భయం పోతుందని 2000 సంవత్సరంలో ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు చూపించారు. ఆ ఎలుకను తిన్న పిల్లి పెంట ద్వారా ఆ జీవి దాణాలో, గడ్డిలో కలిస్తే గొర్రెలు, మేకలు ఈచుకుపోతాయి. గర్భిణులకూ ప్రమాదమే. దాణాకు మూత పెట్టమనేది అందుకే.

కొట్టంలో డాక్టరు చూసిందేమిటి?

పశువైద్యుడు ముందుగా అడిగిన ప్రశ్న - "నిలబడి చిమ్ముతుందా, కూచుని పోస్తుందా?" నిలబడి, తోక వణికిస్తూ, గోడకో తలుపుకో చిమ్మితే అది కబురు. కూచుని నేల మీద పదేపదే కొంచెం కొంచెం పోస్తే, ముక్కుతూ అరుస్తూ ఉంటే అది జబ్బు. గండు పిల్లికి మూత్రం పూర్తిగా బిగిస్తే ఒకటి రెండు రోజుల్లో ప్రాణం పోవచ్చు. వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళాలి.

ఇక్కడ మరకలన్నీ తలుపుకు, కిటికీ వైపున్న సంచులకు ఉన్నాయి. కిటికీ అవతల చూస్తే పక్క జాగాలో కట్టడం కోసం ప్రహరీ పగలగొట్టారు. ఆ సందులోంచి కొత్త గండు పిల్లి రాత్రుళ్ళు వచ్చి కిటికీ కింద చిమ్మి పోతోంది. దానికి మన పిల్లి లోపలి నుంచి జవాబు రాస్తోంది. పగ లేదు, శాపమూ లేదు. "ఈ గది నాది" అంటోంది, అంతే.

మరి ఫినాయిల్ పోస్తే ఎందుకు ఎక్కువైంది? తన గుర్తు చెరిగిపోయి, దాని మీద కొత్త ఘాటు వచ్చింది. పిల్లి కంగారుపడి మళ్ళీ రాసింది. పైగా ఫినాయిల్ లాంటివి పిల్లి శరీరం తట్టుకోలేదు, పాదాలకంటినది నాకితే విషమే. పోనీ సంచిలో వేసి వదిలి వస్తే? ఖాళీ అయిన గదిలోకి ఆ బయటి పిల్లే వచ్చి కూచునేది, అదీ చిమ్మేది. వదిలేసిన పిల్లి తెలియని చోట కుక్కల పాలో, లారీల పాలో అవుతుంది. 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం కింద పెంచిన జంతువును అలా వదిలేయడం నేరం కూడా.

మీరు చేయవలసింది

* బయటి పిల్లి వచ్చే సందు మూయండి. కిటికీకి జాలీ కొట్టించండి.

* గండు పిల్లికి విత్తులు తీయించండి. ఎక్కువ పిల్లుల్లో చిమ్మడం తగ్గిపోతుంది. ఆడపిల్లికి కూడా ఆపరేషన్ చేయిస్తే రెండు నెలల చూలుతో ఏడాదికి రెండు మూడు ఈతల బెడద ఉండదు.

* మరకలను బట్టల సబ్బు పొడి కలిపిన గోరువెచ్చని నీటితో కడిగి ఆరబెట్టండి. ఫినాయిల్, బ్లీచింగ్ వద్దు.

* చిమ్మిన చోటే పిల్లికి తిండి గిన్నె పెట్టండి. తినేచోట చిమ్మడానికి సాధారణంగా ఇష్టపడదు.

* ఎలుకల మందు పెట్టిన గదిలో పిల్లిని తిరగనివ్వకండి. బ్రోమాడియోలోన్ తిన్న ఎలుకను తింటే పిల్లికీ ముప్పే. జ్వరమని పారాసిటమాల్ వేయకండి, పిల్లికి అది విషం.

* కరిచినా, రక్కినా గాయాన్ని సబ్బు నీళ్ళతో 15 నిమిషాలు కడిగి, ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్ళండి. కుక్కకే కాదు, పిల్లికీ రేబిస్ ఉంటుంది. పిల్లికి ఏటా టీకా వేయించండి.

* కూనలను రెండో వారం నుంచి ఏడో వారం దాకా రోజూ కాసేపు చేత్తో పట్టుకొని మచ్చిక చేయండి. ఆ వయసు దాటితే మచ్చిక కావడం కష్టం.

మొన్న మళ్ళీ ఆ కొట్టానికి వెళ్ళినప్పుడు ప్రహరీ సందుకు రేకు కొట్టి ఉంది. ఆపరేషనై ఆరు వారాలైంది. "మొత్తం బందైందా?" అని అడిగితే పెద్దాయన ఉన్నదున్నట్టు చెప్పాడు - "ఎప్పుడన్న ఒకసారి జేస్తది సారూ. కాని ముందటి లెక్క లేదు. బర్లు దాణ మంచిగ తింటున్నయి."

పాప చేతి మచ్చ ఇంకా మానలేదు. గుమ్మంలో కూచుని ఉంది. పిల్లి తోక లేపి వచ్చి కాలికి చెంప రాసింది. పాప చేయి చాపబోయి, ముందు దాని చెవులకేసి చూసింది. తర్వాత గడ్డం కింద ఒక్క వేలితో నిమిరింది. తోక ఒక్కసారి కొట్టుకోగానే చేయి వెనక్కి తీసుకుంది.

"తాతా, సాలంటుంది" అంది.